మేం ఖాళీ చేసి ఇచ్చిన సముద్రం

అది మొదలైంది ఫిబ్రవరి నెల మొదటి గురువారం, పొద్దున ఏడు గంటల ముప్ఫై ఆరు నిమిషాలకు. నెల, వారం, గంట అన్నీ నా నోటుబుక్కులో ఉన్నాయి. సంవత్సరం కూడా ఉంది కానీ ఇక్కడ రాయను. శ్రీహరికోట దీవిలో ఆ రోజు పనిచేసినవాళ్ళలో కొందరు ఇంకా ఉన్నారు. నా తప్పు వాళ్ళ మెడకు చుట్టుకోవడం నాకిష్టం లేదు. అప్పటికి నాకు పదమూడేళ్ళ రెండు నెలలు. మా పాలెంలో గడియారం చూడటం వచ్చినవాళ్ళు ముగ్గురు. అందులో ఇద్దరు మగవాళ్ళు, పొద్దున పూట సముద్రం మీదే ఉండేవాళ్ళు. మిగిలింది నేను.

దీన్ని ఇప్పుడు రాయడానికి కారణం పోయిన నెల మా పాలెంలో జరిగిన మీటింగు. ఒకప్పుడు వలల పాక ఉన్నచోట ఇప్పుడు సిమెంటు హాలు ఉంది. అక్కడ పెట్టారు. ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు, ఒకమ్మాయి, ఒకబ్బాయి, ఇద్దరూ ముప్ఫై లోపువాళ్ళే. ఇన్నాళ్ళూ ఇక్కడినుంచి యంత్రాలే పైకి వెళ్ళాయని, ఇకమీదట మనుషులు కూర్చుని వెళతారని, ఆ రోజు సముద్రం మీద ఒక్క పడవ కూడా ఉండకూడదని చెప్పారు. మా అన్న మనవరాలు రమ్య నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ముందు వరసలో కూర్చోబెట్టింది. ఆ ఆఫీసరమ్మాయి మంచి మాట ఒకటి అడిగింది. "ఇన్నేళ్ళలో మీ పాలెం పడవ లోపల ఉండగా రాకెట్ వెళ్ళిన సందర్భం ఏమైనా ఉందాండీ?" అని. కుర్రవాళ్ళందరూ ఒక్క గొంతుతో "లేదు మేడం" అన్నారు. అది నిజమే. నేను లేచి నిలబడ్డాను. "లేదు. కానీ ఒకసారి అంతపని అయింది. తప్పు నాది" అన్నాను. హాలంతా నవ్వారు, ముసలమ్మ ఏదో సరదాకి అంటోందని. రమ్య మాత్రం నవ్వలేదు. ఇంటికి వచ్చాక గడపలో చెప్పులు విడుస్తూ, "అవ్వా, అదంతా రాయి. నేను చదవాల" అంది.

మా నాయన పాలేనికి పెద్దకాపు, అంటే ఊరి పెద్ద. మా వైపు పాలేల్లో పెద్దలు కూర్చుని కట్టే కట్టడిని దురాయి అంటారు. దురాయి వేశాక దాటినవాడితో ఎవరూ నిప్పు పంచుకోరు, వల పంచుకోరు. దీవిలో రాకెట్ల పని మొదలైన కొత్తలో జీపులో మనుషులు వచ్చి, పంపే రోజు సముద్రంలోకి పోవద్దని అడిగితే, వలల పాక కింద రెండు పూటలు వాదులాడుకున్నారు. చివరికి నాయన లేచి, "మాట ఇస్తా ఉండాం. ఆ రోజు మా తెప్ప ఒక్కటి కూడా ఇసక దాటదు. కానీ ఎప్పుడు పోవచ్చో మాకు కచ్చితంగా చెప్పాల" అన్నాడు. పాలేనికి అప్పుడు ముప్ఫై ఒక్క తెప్పలు. ముప్ఫై ఒక్క తెప్పలకు ఆయన ఒక్కడి మాట. ఆ తర్వాత ప్రతిసారీ ముందు రోజు ఒక కాగితం వచ్చేది. దాన్ని చదవడం, దిబ్బ మీది గుంజకు పొద్దున్నే ఎర్ర గుడ్డ కట్టడం, రాకెట్ పోయిన పావుగంటకు దాన్ని దించడం నా పని. గుడ్డ ఉన్నంతసేపూ ఎవరూ తెప్ప ముట్టరు. గుడ్డ దిగితే పోవచ్చు. నాయన నాయుడుపేట పోయి తల మీద రెండు గంటలు మోగే అలారం గడియారం తెచ్చాడు. అది పదిహేను రోజులకు నాలుగు నిమిషాలు వెనకబడేది. రేడియోలో వార్తల ముందు వచ్చే చప్పుడుతో సరిచేసుకునేదాన్ని.

నాకు ఆ పని రావడం, నాయన తర్వాతి పెద్ద చిన్నకాపు రామయ్యకు గొంతులో ముల్లులా ఉండేది. "ఆడపిల్ల గుడ్డ దించితే మగోళ్ళు సముద్రానికి పోవాలంట. ఇంక మీసాలు దేనికి, తీసి వలకి అల్లుకుందామా?" అనేవాడు, నాయనకు వినపడేట్టు. నాయన ఏమనేవాడు కాదు. మా అవ్వ మాత్రం ఊరుకునేది కాదు. "నీ మీసాలకి వేలెడంత నెత్తళ్ళు కూడా పడవులే రామయ్యా" అనేది.

మా అవ్వ పేరు పోలమ్మ. తాత పోయినప్పటినుంచి తెల్ల చీరే. ఉన్నవి రెండు, ఒకటి ఒంటి మీద, ఒకటి సరుగుడు కర్రల మధ్య ఆరుతూ. తెల్లవారకముందే లేచి దిబ్బ ఎక్కి, ముక్కు పైకెత్తి గాలి పీల్చి, ఏ వైపునుంచి వస్తోందో చెప్పేది. దిగివచ్చి పొయ్యి రాజేసేది. మా ఇంట్లో పొద్దుటి వాసన ఎండుచేపలది అనుకుంటారు బయటివాళ్ళు. కాదు. చెట్టుబెరడు వేసి ఉడికించిన నీళ్ళ వాసన. నూలు వలలు కుళ్ళకుండా ఆ నీళ్ళలో ముంచేవాళ్ళు. వాటిని కలిపే అవ్వ అరచేతులు ఏడాది పొడుగునా ఎర్రగా, గోరింటాకు పెట్టుకున్నట్టు ఉండేవి. చద్దికూడులో కాల్చిన కవళ్ళ చేపలు నంజుకుంటూ గంపలు లెక్కపెట్టేది. ఆమె నోట ఒకటి అన్న మాట నేనెప్పుడూ వినలేదు. లాభం, రెండు, మూడు అని లెక్క మొదలయ్యేది. నా మొదటి లెక్కల బడి ఆ గంపల పక్కనే.

మనుషులు చంద్రుడి మీద నడిచిన కబురు రేడియోలో వచ్చినప్పుడు నేను చాలా చిన్నదాన్ని. టీకొట్టు ముందు చాప మీద పాలెమంతా కూర్చున్న సంగతి మాత్రం గుర్తుంది. చదవడం వచ్చిన ఒకాయన అర్థం చెబుతున్నాడు. ఇద్దరు కిందికి దిగారని, మూడో ఆయన పైనే ఒక్కడూ తిరుగుతూ ఉన్నాడని. అందరూ దిగినవాళ్ళ గురించి మాట్లాడుకుంటుంటే అవ్వ ఆ మూడో ఆయన్ని పట్టుకుంది. "దిగినోళ్ళది ఏముంది? తెప్ప కాడ ఉండినోడే మొనగాడు. వాడు కదిలిపోతే వీళ్ళ గతి ఏంది?" అంది. నాలుగు రోజులకు వాళ్ళు తిరిగొచ్చి సముద్రంలో పడ్డారని, ఓడవాళ్ళు తీసుకెళ్ళారని తెలిసింది. ఇక అవ్వ సంతోషానికి హద్దు లేదు. ఇంటింటికీ పోయి చెప్పింది. "చూసినారా? చంద్రుడి కాడికి పోయొచ్చినోడికి కూడా కడాకు మనట్టాంటోళ్ళే కావాల. నీళ్ళలోంచి తియ్యడానికి ఆకాశంలో ఎవుడుండాడు?"

ఇక ఆ గురువారం. కాగితంలో ఏడున్నర అని ఉంది. దట్టమైన మంచు. దిబ్బ మీద నిలబడితే నా కాళ్ళు నాకే కనపడలేదు. మామూలుగా అయితే దక్షిణం వైపు ముందు వెలుగు కనిపిస్తుంది, తర్వాత శబ్దం వస్తుంది. ఆ రోజు వెలుగు కనిపించే వీలు లేదు. మా వాళ్ళకు అది పెద్ద విషయమూ కాదు. మంచులో తెప్ప ఒడ్డుకు చేర్చేది చెవే. అల విరిగే చప్పుడును బట్టి ఇసుక ఎంత దూరమో చెప్పగల మనుషులు. చెవిని నమ్మడం మాకు పుట్టుకతో వచ్చింది. ఏడు ముప్ఫై ఆరుకు దక్షిణం నుంచి గుండెల్లో దడ పుట్టించే ఉరుము వచ్చింది. పోయింది అనుకున్నాను. పావుగంట లెక్కపెట్టి, ఏడు యాభై ఒకటికి గుడ్డ దించాను. ఆ శబ్దం ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. నేలకు బిగించిన ఇంజనేదో మండించి చూశారని తర్వాత కొందరన్నారు, కాదన్నవాళ్ళూ ఉన్నారు. రూఢి లేనిది నేను రాయను.

నెత్తళ్ళు గుంపులుగా వస్తున్న రోజులు. మిగతావాళ్ళు చద్దికూడు ముగించేలోపే రెండు తెప్పలు కదిలాయి. ఒకటి మాది. దాని మీద మా అన్న శీనయ్య, ఇద్దరు కూలీలు. రెండోది రామయ్యది. దాని మీద రామయ్య, ఆయన తమ్ముళ్ళిద్దరు. మొత్తం ఆరుగురు. మంచులోకి పోయారు, తెడ్ల చప్పుడు కూడా ఆగిపోయింది.

ఎనిమిదింపావుకు మంచు విడిపోయింది. తెర తీసినట్టు ఒక్కసారిగా. అవ్వ నా పక్కనే ఎండుచేపలు పరుస్తోంది. తలెత్తి దక్షిణం వైపు చూసింది, చేతిలో చేప చేతిలోనే ఉంది.

"పొగ యాడే?" అంది.

రాకెట్ పోతే దాని వెనక తెల్లటి గీత ఆకాశంలో నిలుస్తుంది. గాలి ఉంటే వంకరలు తిరిగి తొందరగా చెదిరిపోతుంది. ఆ పొద్దున ఆకు కదలడం లేదు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. గీత లేదు. రాకెట్ దీవిలోనే ఉంది. ఆరుగురు మనుషులు దాని దారిలో ఉన్నారు.

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఊరుకుందామని అనుకున్నాను. అవ్వ తప్ప ఎవరూ గమనించలేదు. అవ్వ నన్ను చూస్తోంది. పరిగెత్తాను. నాయన మూడో తెప్పను నీళ్ళలోకి నెట్టే వాళ్ళ దగ్గరున్నాడు. "నాయనా, అది పోలేదు. నేను తప్పు దించినా" అన్నాను. ఆయన నన్ను కొట్టలేదు. ఇరవై తొమ్మిది తెప్పల వైపూ తిరిగి రెండు చేతులూ పైకెత్తి "ఆపండి!" అని ఒక్క అరుపు అరిచాడు. అవి ఆగాయి. లోపలికి పోయిన రెండింటికి ఆ అరుపు అందదు. అల విరిగేచోటు దాటితే ఒడ్డు మాట వినపడదు. వెంట తెప్ప పంపుదామంటే దురాయి దాటే మూడో తెప్ప అవుతుంది, దాని మీద ఇంకో ముగ్గురు.

ఎర్ర గుడ్డ ఒడ్డునున్నవాళ్ళను ఆపడానికే. సముద్రం మీదున్నవాళ్ళను వెనక్కి రప్పించే గుర్తు మా పాలెంలో ఒక్కటే ఉండేది. పాలెంలో చావు జరిగితే దిబ్బ మీది గుంజకు తెల్ల చీర కడతారు. అది కంటపడితే వేసిన వల లాక్కుంటూ కూర్చోకూడదు. కోసి సముద్రానికి వదిలేసి రావాలి. అబద్ధానికి ఆ చీర ఎత్తినవాళ్ళ ఇంట్లో ఆ ఏడాది తిరిగేలోగా నిజంగానే చావు వస్తుందని నమ్మకం. అందుకే నాయన గుంజ వైపు చూసి తల దించుకున్నాడు. ఎవరిచేత కట్టిస్తాడు?

అవ్వ ఎప్పుడు పోయిందో, కర్రల మీద ఆరేసిన చీర చేతిలో పట్టుకుని వచ్చింది. నేను అందుకోబోయాను. చెయ్యి మీద ఒక్కటేసింది. "దూరం పో. నీ చెయ్యి పడకూడదు దీని మీద." ఒక కొంగు తానే గుంజకు కట్టింది. గాలి లేక చీర గుంజను అంటుకుని వేలాడింది. అట్లా ఉంటే దూరానికి అది కర్రో గుడ్డో తెలియదు. అవ్వ రెండో కొంగు పట్టుకుని వెనక్కి నడిచి, చీర బిగుసుకునేదాకా లాగి, చెయ్యి తల మీదికెత్తి నిలబడింది. అప్పుడు ఎనిమిది ఇరవై రెండు. అమ్మ వచ్చి, "అత్తా, నేను పట్టుకుంటా" అంటే, "నీకు పిల్లకాయలుండారు. నాకేముంది, మోకాళ్ళ నొప్పులు తప్ప" అంది. ఎనిమిది ముప్ఫై ఒకటికి అన్న తెప్ప తిరిగింది. రామయ్య తెప్ప తిరగలేదు. అవ్వ చెయ్యి దించలేదు. ఎనిమిది నలభై ఐదుకు రెండోది కూడా ముక్కు ఒడ్డు వైపు తిప్పింది. అప్పుడు దించింది. ఇరవై మూడు నిమిషాలు.

తొమ్మిదింపదికి ఇసుక తాకారు. అన్న నీళ్ళలోకి దూకి పరిగెత్తుతూ, "ఎవురు? ఎవురు పోయినారు?" అని ఏడుస్తున్నాడు. గుంజకున్న చీర ఎవరిదో వాడికి తెలుసు. ఎదురుగా అవ్వ ఇసుకలో కాళ్ళు చాపుకుని కూర్చుని భుజం పిసుక్కుంటోంది. "నేనేరా అబ్బయ్యా. ఇంకా పోలా. ఏడవడం అయినాక ఇంత నూనె రాయి ఈ రెక్కకి" అంది. అన్న అక్కడే మోకాళ్ళ మీద కూలబడి, నవ్వాడో ఏడ్చాడో తెలియదు. రామయ్య మాత్రం నిప్పులు కక్కుతున్నాడు. నైలాను వల, కొన్న నెలకే, తన చేత్తో కోసి వదిలాడు. "బతికున్న మనిషికి చావు చీర కడతారా? ఇది పాలెమేనా?" అని అరుస్తూనే ఉన్నాడు. తొమ్మిది యాభై ఎనిమిదికి దక్షిణాన వెలుగు లేచింది.

అందరూ అటు తిరిగారు. నేను గడియారం చెవి దగ్గర పెట్టుకుని లెక్కపెట్టాను. లాభం, రెండు, మూడు. నలభై నాలుగు దగ్గర శబ్దం వచ్చి ఇసుకను తాకింది. మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. దీవి మాకు పదిహేను కిలోమీటర్లకు కాస్త తక్కువ. తెల్లగీత పైకి పోయి, సముద్రం మీదికి వంగింది. మా తెప్పలు ఉన్నచోట దాని ముక్కలు పడేవా అంటే, తెలియదు. సముద్రం పెద్దది, తెప్ప చిన్నది, పడకపోవచ్చు. అయినా ఆ గీత వంగడం చూసి రామయ్య అరుపు ఆపి తమ్ముళ్ళిద్దరి భుజాల మీద చేతులు వేసుకుని నిలబడ్డాడు.

సాయంత్రం వలల పాక కింద పెద్దలు కూర్చున్నారు. నాయన తన తలగుడ్డ తీసి ముందు పెట్టాడు. అంటే పెద్దరికం వదులుకుంటానని. "తప్పు నా ఇంట్లో జరిగింది. చీర నా ఇంటిది. ఏం వేస్తారో వెయ్యండి" అన్నాడు. గుడ్డ పని నా చేతిలోంచి తీసేయాలని ఒకరన్నారు, ఇద్దరన్నారు. అవ్వను అడిగారు, ఎందుకు ఎత్తావని. "ఈ పిల్ల తప్పు లెక్క చెప్పింది. నిజమే. తెలిసి నిమిషం తిరక్కముందే తప్పని తనే వచ్చి చెప్పింది. ఈ పాక కింద కూర్చున్న మీసాలోళ్ళు ఇన్నేళ్ళలో ఒక్కరైనా నాది తప్పు అని పరిగెత్తుకొచ్చినారా? లెక్క వచ్చినోళ్ళు దొరకతారు. తప్పు చెప్పుకునేవాళ్ళని యాడనించి తెస్తారు?" అంది. ఆశ్చర్యం ఏమిటంటే, ముందు నోరు విప్పింది రామయ్యే. "గుడ్డ ఆ పిల్ల కాడే ఉండనీండి" అన్నాడు, నా వైపు చూడకుండా. "ఇంక అది తప్పు చెయ్యదు."

మా తెప్ప పన్నెండు రోజులు ఇసుక మీదే ఉండాలని తీర్పు. కొత్త దురాయి ఒకటి వేశారు. వెలుగు చూడాలి, శబ్దం వినాలి, గీత చూడాలి. మూడూ కలిస్తేనే గుడ్డ దిగాలి. మంచు ఉంటే విడిపోయేదాకా ఆగాలి, మధ్యాహ్నమైనా సరే. ఆ తర్వాత పంతొమ్మిదేళ్ళు ఆ గుడ్డ నేనే కట్టాను, నేనే దించాను. నా పెళ్ళి ఇదే పాలెంలో చేశారు, ఆ పనికి అడ్డం రాకూడదనే. అవ్వ పదకొండు నెలలకు పోయింది. చీర వల్లే అన్నారు పాలెంలో. ఆమెకు డెబ్భై దాటాయి, ఆ చలికాలమంతా దగ్గు. నేను ఆ రెండింటినీ కలపలేదు, ఇప్పుడూ కలపను. కానీ ఆ పదకొండు నెలలూ ఆమె ఆ ఏడాది లెక్క తెలిసే బతికిందని, ఒక్కరోజు కూడా నాకు గుర్తు చేయలేదని మాత్రం రాసి ఉంచుకున్నాను.

ఇప్పుడు గుంజ లేదు. హెచ్చరిక ఫోన్లలో వస్తుంది, కాపలా పడవలు తిరుగుతాయి, మా వాళ్ళ పడవలకు ఇంజన్లు, దారి చూపే పెట్టెలు. రాకెట్‌ను రమ్య ఫోన్‌లో చూస్తుంది. ఫోన్‌లో అది ఆకాశంలో కన్నా ఆలస్యంగా లేస్తుందని నేను గడియారం పెట్టి చూపిస్తే నమ్మలేదు, తర్వాత నమ్మింది. మనుషులు ఆకాశంలోకి వెళ్ళిన చరిత్రంతా నేను దొరికినప్పుడల్లా చదువుతూనే ఉన్నాను. మొట్టమొదట భూమి చుట్టూ తిరిగొచ్చినాయన పొలంలో దిగితే, ఎదురుపడింది ఒక అవ్వ, ఆమె మనవరాలు అని చదివిన రోజు అది కూడా నోటుబుక్కులో రాసుకున్నాను. మన దేశం మనిషి పరాయి దేశపు నౌకలో వెళ్ళి వారం పైన ఉండి రావడం, మొన్నమొన్న ఇంకొకరు వెళ్ళి తిరిగొచ్చి సముద్రంలోనే దిగడం, రెండూ చూశాను. వెళ్ళి రానివాళ్ళ లెక్క కూడా నోటుబుక్కు చివరి పేజీలో ఉంది. నేల మీదే కాలిపోయిన ముగ్గురు, పైకి లేచిన నిమిషం దాటగానే పోయిన ఏడుగురు, ఇంటికి దిగొస్తూ పోయిన ఏడుగురు, ఇంకా కొందరు. ఆ పుస్తకాల్లో ఇంజన్ల గురించి ఉంది, ధైర్యం గురించి ఉంది. కింద సముద్రం ఖాళీగా ఎట్లా ఉందో ఎవరూ రాయలేదు. సముద్రం దానంతట అది ఖాళీగా ఉండదు. పొద్దున్నే లేచి, చేపలు వస్తున్నాయని తెలిసీ, తెప్ప ముట్టకుండా కూర్చున్నవాళ్ళు ఉంటేనే అది ఖాళీ అవుతుంది. రేపు ఈ తీరం నుంచి మనిషి లేచినరోజు కూడా మా పాలెం అట్లాగే కూర్చుంటుంది. రమ్యకు ఆ మాట చెప్పాను. "మనం ఏం చేశామంటే, ఏమీ చేయకుండా ఉన్నాం. అది చిన్న పని కాదు."

ఆ గురువారం పోయినవి ఇవి. వలలు రెండు: ఒకటి నూలుది, మాది, ఒకటి నైలానుది, రామయ్యది. లంగరు రాయి ఒకటి. తొందరలో జారిపోయిన తెడ్డు ఒకటి. రావలసిన నెత్తళ్ళు, తెప్పకు మూడు చొప్పున, ఆరు గంపలు. ఒడ్డున కూర్చున్న రోజులు పన్నెండు. అవ్వ చీర ఒకటి. చావుకు ఎత్తింది మళ్ళీ కట్టకూడదని సముద్రంలో వదిలేసింది, తను పోయేదాకా, మిగిలిన ఒక్కదాన్నే ఉతికి, అది ఆరేదాకా దుప్పటి చుట్టుకుని కూర్చునేది. మనుషులు, ఎవరూ లేరు.